క్లోతిల్దె టీచరు ఎర్ర గీత గీసిన రోజు

క్లోతిల్దె టీచరుకి చిలీ అంటే ఒళ్లుమంట. అర్జెంటీనాలోని మెండోసాలో ఆవిడ ఇంటి కిటికీలు తెరిస్తే పడమటి కొండలు కనిపిస్తాయి. ఆ కొండల వెనక చిలీ ఉందని కిటికీలన్నింటికీ మేకులు కొట్టించిందంటారు. అన్నీ కాదుగానీ వంటగది కిటికీ మాత్రం నిజం.

పంతొమ్మిదేళ్లుగా ఆవిడ కామర్సు స్కూల్లో తాత్కాలిక టీచరు. ఎవరికైనా జ్వరమొస్తే ఈవిడకి జీతమొస్తుంది. ఇన్నాళ్లకి ఒక పర్మినెంటు పోస్టు ఖాళీ అయింది. దానికి నలుగురి ముందూ పాఠం చెప్పాలి, ముగ్గురు పెద్దలు మార్కులేస్తారు. ఇచ్చిన పాఠం: ముప్ఫై ఏళ్లలో అర్జెంటీనా పొదుపెంత, చిలీ పొదుపెంత. అంటే దేశం సంపాదించినదాంట్లో తినగా తాగగా మిగిలిందెంత అని. ఆ ముగ్గురిలో ఒకాయన అదే స్కూల్లో పాత టీచరు దొన్ ఎలియొదోరో బరవోనా. పుట్టింది చిలీలో! ఇక చెప్పేదేముంది?

టీచరు తలుపంత అట్ట మోసుకొచ్చింది. మనిషికి ఎన్ని డాలర్లు మిగిలాయో ఏడాదివారీగా గీసింది. అర్జెంటీనా నీలం గీత ఆకాశానికెక్కింది. చిలీ ఎర్ర గీత కింద పాకుతోంది.

బరవోనా కళ్లజోడు సర్దుకున్నాడు. "టీచరమ్మా, మన పెసోలని డాలర్లలోకి ఏ రేటుకి మార్చారు?"

"ప్రభుత్వం రేటుకి. మరి మీ తాతగారి రేటుకా?"

"మొన్న ఫ్రిజ్ కొనడానికి దాచుకున్న డాలర్లు మార్చారటగా. అవీ ప్రభుత్వం రేటుకేనా?"

వెనక బెంచీలోంచి ఆవిడ చెల్లెలు నెలిదా ఆగలేకపోయింది. "ఆ రేటుకి మారిస్తే ఫ్రిజ్ తలుపు కూడా రాదండీ! వీధిలో రెట్టింపిస్తుంటే ఎవరు మారుస్తారు?"

హాలు హాలంతా పగలబడి నవ్వింది. పైకప్పు సున్నం రాలిందని కూడా చెప్పుకున్నారు.

"నోర్ముయ్యి నెలిదా! ఇంటికి రా, నీ సంగతి చెప్తా!"

"ఆవిణ్ణెందుకు తిడతారు?" అన్నాడు బరవోనా. "వీధి రేటు లెక్కేస్తే, ఈ మధ్య ఏళ్లల్లో మీ నీలం గీత సగానికి కూలిపోతుంది. సరిచేస్తారా, సున్నా వెయ్యమంటారా?"

సరైన దారి టీచరుకి తెలుసు. డాలరు జోలికే పోనక్కర్లేదు. ప్రతి దేశం సంపాదించిన వందలో ఎంత మిగిలిందో చూస్తే చాలు. ఆ కాగితం ఆవిడ సంచిలోనే ఉంది. కానీ దాంట్లో చాలా ఏళ్లు చిలీయే పైన. అందుకే బయటికి తియ్యలేదు. ఇప్పుడు తీస్తే సొంత చేత్తో ఎర్ర గీతని నెత్తికెక్కించాలి. తియ్యకపోతే ఇరవయ్యో ఏడు కూడా ఎవరికి జ్వరమొస్తుందా అని ఎదురుచూడాలి.

అట్టని బర్రున చింపింది. ముందు వరసలో ఒకావిడ ఉలిక్కిపడి తాగుతున్న మాతే టీ ఒళ్లో ఒంపుకుంది. టీచరు బోర్డు మీద మళ్లీ మొదలుపెట్టింది. ఎర్ర గీతని పురుగుని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో గీసింది. మధ్యలో నీలం గీత పైకొచ్చిన కొన్నేళ్లు మాత్రం సుద్ద విరిగేదాకా నొక్కింది. పిల్లలకి చెప్పినట్టే అంతా వివరించింది: వందకి లెక్కేస్తే రేటు గొడవుండదని, డాలరుకి రెండు ధరలున్న దేశం వేరే దేశంతో డాలర్లలో పోటీపడకూడదని. ఒక్క తప్పు లేదు. ముఖం మాత్రం ఆముదం తాగినట్టుంది.

పోస్టు ఆవిడకే ఇచ్చారు. ఎక్కువ మార్కులేసింది బరవోనాయే. అదింకా మండింది ఆవిడకి.

ఆయన దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. "అభినందనలు టీచరమ్మా. చూశారా, మావాళ్లు ఎంత వెనకేసుకున్నారో!"

"వెనకేసుకోక ఏం చేస్తారు?" అంది టీచరు, చెయ్యి అందుకోకుండా. "కొనుక్కు తినడానికి అక్కడ రుచైంది ఒక్కటైనా ఉంటేగా!"

కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయింది. పర్మినెంటు టీచరుగా ఆవిడ మొదటి పని, స్టాఫ్ రూములో తన కుర్చీని బరవోనాకి వీపు కనబడేలా తిప్పుకోవడం.