పియానో పట్టే ఇల్లు

ఈమధ్యే కొన్న మా రెండు గదుల ఇంటికి వీధి తలుపు మార్పిద్దామని వడ్రంగిని పిలిచాను. గుమ్మం కొలిచి, ఇనుప టేపును వేళ్ళ మధ్య నుంచి వదిలేశాడు. అది సర్రున డబ్బీలోకి వెళ్ళి టక్కున ఆగింది. ఆ చప్పుడు వింటే నా కుడిచెయ్యి తనంతట తనే వెనక్కి జరుగుతుంది. ఎస్తేరు మేడమ్ టేపు వదిలేముందు చెప్పేవారు కాదు. అవతలి కొస పట్టుకున్నవాడు మెలకువగా ఉన్నాడో లేదో తెలుసుకునే పద్ధతి అది. నా చూపుడువేలి మీద దాని గాటు ఇంకా ఉంది. పులి గోరు గీసిందని మా మేనల్లుళ్ళకు చెప్పాను. నమ్మారు.

మేడమ్ గారి ఆఫీసు ఆబిడ్స్‌లో, చెప్పుల దుకాణం పైన. ఇళ్ళ ప్లాన్లు గీసి ఇచ్చేవారు. పుట్టింది మెదక్‌లో, బతుకంతా నాంపల్లి కిరాయి ఇళ్ళలో. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ప్లాను సాంక్షన్ కాలే" అనేవారు. నేను ఆమె దగ్గర చేరింది టేపు పట్టడానికి. చేరిన కొత్తలో ఒకరోజు ఆలస్యంగా వెళ్ళి, నాంపల్లి స్టేషన్లో రైలు పట్టాలు దిగి రోడ్డెక్కిందనీ, డ్రైవరు ఆపి నన్నే దారి అడిగాడనీ చెప్పాను. ఆమె పెన్సిలు చెక్కుకుంటూ అంతా విన్నారు.

"యాదగిరీ, అండ్ల సగం తీసేసి చెప్పు."

"రైలు దిగలే మేడమ్. డ్రైవరు మాత్రం అడిగిండు."

"ఇంకో సగం తీసెయ్."

"నిద్ర లేవలే మేడమ్."

"గిది మంచిగుంది. కూసో."

తర్వాత ఆమె దగ్గర పనిచేసినన్నాళ్ళూ మా మధ్య ఇదే ఒప్పందం. ముందు నా కథ మొత్తం వినేవారు, కడుపుబ్బ నవ్వేవారు, ఆ తర్వాతే సగం తీసేయమనేవారు. ఇంట్లో వాళ్ళయితే నేను నోరు తెరవగానే తీసేసేవారు. ఒక మనిషి మాటను చివరిదాకా వినడం కూడా ఒక మర్యాద అని నాకు తెలిసింది ఆమె వల్లనే.

అరవై దాటాక ఆమెకొక ఆలోచన వచ్చింది. స్కూల్లో తనతో కలిసి చదువుకున్న విమల టీచరు ఒంటరి. ఉస్మాన్‌గంజ్ వ్యాపారుల ఇంట్లో పుట్టి, వ్యాపారం చేతగాక గుమాస్తాగా రిటైరైన కిషన్‌రావు సాబ్‌కు భార్య లేదు. ఇంకా కొన్ని చిన్న కుటుంబాలున్నాయి. అందరివీ కిరాయి ఇళ్ళే. అందరూ కలిసి ఊరి నడుమనే ఒక స్థలం కొని ఇల్లు కట్టుకోవాలి. ఎవరి గదులు వాళ్ళవి, ఎవరి తాళం వాళ్ళది. వంటిల్లు, హాలు, వాకిలి మాత్రం అందరికీ ఒకటే. ఒక గదికి నన్ను కూడా లెక్కలో వేసుకున్నారు. "నువ్వు లేకుంటే పొద్దుగూకినంక మాకెట్ల గడుస్తది?" అన్నారు.

ఇక స్థలాల వేట మొదలైంది. ఎండలో ఒకసారి, వానలో ఒకసారి చూడందే ఏ స్థలం గురించీ ఆమె మాట చెప్పేవారు కాదు. నీళ్ళు ఏ మూల నిలుస్తాయి, ఆటో గుమ్మం దాకా వస్తుందా, పక్కింట్లో మంచినీళ్ళడిగితే ఏ మొహంతో ఇస్తారు, ఆదివారం వంటింట్లో మటన్ ఉడికితే ఆ గాలి శాకాహారి విమల టీచరు గది వైపు పోతుందా, అన్నీ చూసేవారు. అన్నీ బాగున్నా చివరికి గేటు దగ్గరో మెట్ల మలుపు దగ్గరో టేపు తీసేవారు. అక్కడే తల అడ్డంగా ఊగేది. బషీర్‌బాగ్‌లో మంచి స్థలం గేటు దగ్గర పోయింది. ఆబిడ్స్‌లో అందరికీ నచ్చిన ఒక పాత మేడ మెట్ల మలుపులో పోయింది.

"గీడ తిరగదు," అన్నారు మేడమ్.

కిషన్‌రావు సాబ్‌కు కోపమొచ్చింది. "ఏంది తిరగదమ్మా? గింత పొట్టేసుకొని నేనే తిరిగిన!"

ఆ మేడ యజమాని కూడా మొహం చిట్లించాడు. మేడమ్ టేపును సంచిలో పెట్టుకుంటున్నారు. నేను ఊరుకోలేకపోయాను. "మేడమ్ దగ్గర పియానో ఉంది సార్," అనేశాను. "ఒక నవాబు గారి బేగం వాయించినది. ఆమె మెచ్చి మేడమ్ తాతకిచ్చింది. ఏనుగు మీద మెదక్ దాకా మోసుకపోయిన్రు. దారిల ఏనుగు రెండుసార్లు కూలబడ్డది." యజమాని మొహం వెంటనే మారిపోయింది. మెట్ల మలుపును తిట్టుకుంటూ మమ్మల్ని గౌరవంగా సాగనంపాడు.

ఆ సాయంత్రం మేడమ్ నన్ను మొజంజాహీ మార్కెట్‌కు తీసుకెళ్ళి సీతాఫలం ఐస్‌క్రీం ఇప్పించారు. "ఏనుగును తీసెయ్," అన్నారు. "పియానో ఉండనీ. పనికొస్తది."

"అసలు తిరగాల్సింది ఏంది మేడమ్?"

కప్పులో ఐస్‌క్రీం కరిగేదాకా చూస్తూ కూర్చుని, అప్పుడు చెప్పారు. "అమ్మ దవాఖానల పోయింది. ఇంటికి తెచ్చినం. ఓనరు గేటుకడ్డం నిలబడ్డడు. చెడ్డోడు కాదు యాదగిరీ, పండుగకు కేకు పంపిస్తే తినేటోడు. శవం లోపటికొస్తే మళ్ళా కిరాయికి ఎవరూ రారన్నడు. గల్లీల టెంటేసి, స్కూటర్ల పక్కన పెట్టినం. పాట పాడుతుంటే ఒక ఆటో వచ్చి హారన్ కొట్టింది. అమ్మ శవపెట్టెను జర పక్కకు జరపమన్నరు. నేనే జరిపిన."

కప్పు పక్కన పెట్టి ఆమే మళ్ళీ అన్నారు. "బతికినోళ్ళు ఎట్లనైనా సర్దుకుంటరు. పోయినోళ్ళను లోపలికి రానిచ్చేదే ఇల్లు. గందుకే కొలుస్తున్న."

ఆ తర్వాత నేను టేపు కొసను వేరేగా పట్టుకోవడం మొదలుపెట్టాను.

చివరికి నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఒక మూతపడ్డ కట్టెల అడితి దొరికింది. స్థలం ఖాళీ అయి ఎన్నాళ్ళయినా నేలలో టేకు పొట్టు వాసన ఇంకా పోలేదు. యజమాని హమీద్ భాయ్ పక్క ఇంట్లోనే ఉండేవాడు. మేడమ్ టేపు తీసి, గేటును చూసి, మళ్ళీ సంచిలో పెట్టేశారు. "లారీ పట్టిన గేటుకు కొలతేంది?" అన్నారు. వాన పడ్డప్పుడు కూడా వెళ్ళి చూశాం. నీళ్ళు నిలవలేదు. ఆ రోజు ఆమె చెప్పులు విడిచి, తడినేల మీద ఇటుకలు పేర్చి హాలు హద్దులు వేశారు. అంత ఉత్సాహంగా ఆమెను ఎప్పుడూ చూడలేదు.

"పియానో గీడనే పెడ్తరా మేడమ్?" అన్నాడు హమీద్ భాయ్. నా పియానో అప్పటికే ఊరంతా తిరిగింది.

"ఔ భాయ్. గీడనే."

"మరి నాకు వినిపియ్యాలె."

"తప్పకుండ."

ఒప్పందం రాసుకునే పనిలో ఉండగానే మేడమ్ గుండె ఆగింది. దవాఖానకు చేర్చిన కాసేపటికే అయిపోయింది. పొద్దున్నే విమల టీచరుకు నేనే ఫోన్ చేశాను.

"టీచర్, మేడమ్ పోయిన్రు."

"పొద్దుగాల పొద్దుగాల ఏంది యాదగిరీ! సగం తీసెయ్."

"తీసిన టీచర్. తీసినా గంతే ఉన్నది."



పెట్టెను ఇంటికి తెచ్చేసరికి, మేడమ్ ఉండే ఇంటి యజమాని గేటు దగ్గరే చేతులు జోడించాడు. "మేడమ్ అంటే మాకు పాణం. కానీ మీద కిరాయికున్నోళ్ళు పిల్లలతోని ఉన్నరు, భయపడ్తరు," అన్నాడు. ఎవరినైనా ఏమార్చగల నా నోటికి ఆ పొద్దున ఒక్క కథా తట్టలేదు. గేటు బయట నిలబడి హమీద్ భాయ్‌కు ఫోన్ కలిపాను.

"భాయ్, మేడమ్ స్థలం కాడికి వస్తున్రు. అందరం వస్తున్నం. గేటు తెరిచి పెట్టుండ్రి."

"రానియ్, రానియ్. చాయ్ చెప్పి పెడ్త."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. సగం తీసేయడానికి నా దగ్గర ఏమీ లేదు.

బండి ఎక్కడా తగలకుండా నేరుగా లోపలికి వెళ్ళింది. హమీద్ భాయ్ చాయ్ గ్లాసులున్న పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. మేము పెట్టెను దింపుతుంటే పళ్ళెం కింద పెట్టి, తనూ వచ్చి ఒక మూల పట్టాడు.

"పియానో గిదేనా, యాదగిరీ?"

"ఔ భాయ్."

"ముందే చెప్పొద్దా! నేనేమన్న వద్దంటుంటినా?"

ఆమె పేర్చిన ఇటుకల మధ్యనే పెట్టాం. కిషన్‌రావు సాబ్ వంగలేక వంగి అక్కడ మొలిచిన గడ్డి పీకారు. మటన్ వాసన పడని విమల టీచరు స్నేహితురాలి తల దగ్గర కూర్చుని, తనకు రాని క్రైస్తవ పాటలకు పెదవులు కదిపింది. గల్లీలోవాళ్ళు కుర్చీలు తెచ్చిచ్చారు. స్టేషన్లో రైళ్ళు వచ్చిపోతూనే ఉన్నాయి. ఎవరూ హారన్ కొట్టలేదు. ఎవరూ జరపమనలేదు. హమీద్ భాయ్ గోడవారన నిలబడి పాటలన్నీ అయిపోయేదాకా విన్నాడు.

ఆ ఇల్లు కట్టలేదు. మా అందరినీ ఒక దగ్గర కూర్చోబెట్టిన మనిషి పోయాక, కూర్చున్న ప్రతిసారీ ఎవరో ఒకరు లేచిపోయారు. హమీద్ భాయ్ చాలాకాలం ఎదురుచూసి, ఇక వీలుకాక అమ్ముకున్నాడు. ఇప్పుడక్కడ ఒక లాడ్జి ఉంది. అద్దాల తలుపు, ఇద్దరు పక్కపక్కన పట్టనంత సన్నం. ఆ గల్లీలో నడిచినప్పుడు టేకు వాసన కోసం గాలి పీలుస్తాను. అగరుబత్తి వాసనే వస్తుంది. ఆ లాడ్జి హాలు కింద ఆమె ఇటుకలు ఇంకా ఉన్నాయని మేనల్లుళ్ళకు చెప్తుంటాను. అది సగం తీసేయాల్సిన మాటేనని నాకు తెలుసు. తీసేయబుద్ధి కాదు.

విమల టీచరూ, కిషన్‌రావు సాబూ ఇంకా కిరాయి ఇళ్ళలోనే ఉన్నారు. నేను ఈ ఇల్లు కొన్నాక ఇద్దరికీ చెప్పాను, నేల మీది ఇల్లు, మెట్లు లేవు, పియానోకు చోటుందని. టీచరు నవ్వింది. సాబ్ మాత్రం ఒకసారి వచ్చి, గుమ్మం వెడల్పు అటూ ఇటూ చూసి, చాయ్ తాగి వెళ్ళారు. ఆ మర్నాడే వడ్రంగిని పిలిచాను.

"గంత వెడల్పు ఎందుకన్నా? కారు లోపటికి తెస్తవా ఏంది?" అన్నాడు.

"పియానో ఉంది."

అతను నా భుజం మీదుగా లోపలికి తొంగి చూశాడు. మంచం, కూలరు, గోడకు మేడమ్ ఫోటో. "యాడున్నదే?"

"ఇంకా రాలే. వచ్చిననాడు ఇరుక్కోవద్దు గద."

అతను నవ్వి, మళ్ళీ కొలవడానికి టేపు లాగాడు. అవతలి కొస నేనే పట్టుకున్నాను. వదిలేముందు నాకు చెప్పొద్దన్నాను.