చుక్క లేని చోట వంపు

చూలై పేటలో మేము బాడుగకున్న ఇంటిని పగలగొట్టి గోదాము కట్టబోతున్నట్టు ఇంటి యజమాని చెప్పిన ఏడాది, ఊరి చివర మాధవరంలో పాల కాలనీ దాటాక నాయన ఎప్పుడో కొని వదిలేసిన స్థలంలో ఇల్లు కట్టుకోవాలని నిర్ణయించుకున్నాం. తొంభైల మొదట్లో మాట. ప్లాను నేనే గీస్తానన్నాను. నాయన నవ్వాడు.

"తలుపు గొళ్ళాలు చేసేవోడివి గొళ్ళాలు చెయ్యరా. ఇంజనీరు ఎందుకుండాడు మరి?"

"ఇంజనీరు సంతకం పెడతాడు నాయనా. ఇంట్లో తిరగబోయేది మనం గదా."

నాకా ధైర్యం గ్రంథాలయం ఇచ్చింది. బడిలో నేను చదివింది తక్కువ. గొళ్ళాలు చేసే పట్టడలో పని దిగగానే చేతులు కిరసనాయిలుతో తుడుచుకుని పేట గ్రంథాలయానికి పోయేవాణ్ణి. అరవదేశం గదా, తెలుగు పుస్తకాలున్నది ఒక్క బీరువాలోనే. అది అయిపోయాక తమిళం పట్టుకున్నాను. తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు. ఇళ్ళ నిర్మాణం మీద అక్కడున్న పుస్తకాలన్నీ చదివాను. గాలి ఏ కిటికీలో దూరి ఏ కిటికీలో బయటపడాలో, మెట్టు ఎంత ఎత్తైతే ముసలి మోకాలికి నొప్పి పుట్టదో అడిగితే చెప్పగలిగేవాణ్ణి. అడిగేవాళ్ళు లేకపోయినా చెప్పేవాణ్ణి.

ఒక పుస్తకంలో నచ్చిన పద్ధతి ఒకటుంది. కొత్త ఇల్లు గీయబోయే ముందు, ఇప్పుడున్న ఇంటి ప్లాను గీసి, ఇంట్లోవాళ్ళు పొద్దున లేచింది మొదలు ఎటు నడుస్తారో ఒక్కొక్కరి చేత ఒక్కో రంగు పెన్సిలుతో గీయించాలి. గీతలు ఎక్కడ చిక్కుపడతాయో చూసుకుని, కొత్త ఇంట్లో ఆ చిక్కులు లేకుండా చేసుకోవాలి. ఇంతకంటే తెలివైన పని లోకంలో లేదనిపించింది.

ఆ ఆదివారం నేనూ నా భార్యా టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచాం. వీధి గది, మధ్య గది, దాని వెనక వంటిల్లు, పెరటి వసారా. అంతే ఇల్లు. గళ్ళ కాగితం మీద గీసి నేల మీద పరిచాను. నాయనకు నీలం, నా భార్యకు పచ్చ, నాకు నలుపు. అమ్మ ఎర్ర పెన్సిలు పట్టుకోవడానికి ఒప్పుకోలేదు.

"నాకేం తెలుసురా ఈ బొమ్మలు?"

"ముగ్గనుకోమ్మా. పొద్దున లేచి యాడికి పోతావో అట్టా గీత లాగు. చెయ్యి ఎత్తబాక."

ముగ్గు అనగానే అమ్మ చెయ్యి తేలికైంది. ఒక్క పెట్టున లాగింది. పెరడు, వంటిల్లు, మధ్య గది, మళ్ళీ వంటిల్లు. చివరికి మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలిపింది.

అందరివీ అయ్యాక కాగితం కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాను. మధ్య గదిలోంచి వంటింటి గుమ్మానికి తిన్నగా పోవాల్సిన గీతలు నాలుగూ గుమ్మం పక్కన ఒకే చోట వంగి ఉన్నాయి. అమ్మ ఎర్ర గీతైతే ముగ్గులో చుక్కను చుట్టినట్టు చక్కగా చుట్టి వచ్చింది. ఆ గడిలో చుక్క లేదు. నా నల్ల గీత కూడా అక్కడే వంగింది. గీసినప్పుడు తిన్నగా గీశాననే అనుకున్నాను.

నా భార్య నెల్లూరు పక్క నుంచి ఈ ఇంటికి వచ్చి రెండేళ్ళు కాలేదు. ఆమెనడిగాను. "ఆడ ఏముందని సుట్టు తిరిగినావు?"

"ఏముండాది? ఏమీ లేదు." కాసేపు గుమ్మం వైపు చూసింది. "ఏమోనండీ, ఆడ కాలు పెట్టబుద్ధి కాదు. ఎవరన్నా కూర్చోనుంటే పక్కకి జరిగి పోమా, అట్టా." అని నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఎప్పుడో రోలు ఉండుంటాది. అలవాటు. అలవాటు మనుషుల్లో ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి పాకుతుంది, దాని మీద పుస్తకాలుండాయి," అన్నాను.

నాయన లేచి చొక్కా వేసుకుని టీ తాగడానికి వీధిలోకి పోయాడు. అది ఆయన టీ తాగే వేళ కాదు.

నేను గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని నేల చూశాను. మాది పాతకాలపు ఎర్ర గచ్చు. నడిచి నడిచి ఇల్లంతా ఎరుపు పోయి బూడిద రంగు తేలింది. ఆ ఒక్క చోట మాత్రం చేటంత మేర, బాసింపట్టు వేసుకుని ఒక పిల్ల కూర్చుంటే ఎంత పడుతుందో అంత, గచ్చు నిన్న మెరుగు పెట్టినట్టుంది. అందులో వంటింటి కిటికీ కమ్ములు కనబడుతున్నాయి. నా ముఖం కనబడేంతగా నేను వంగలేదు.

సాయంత్రం అమ్మ బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని అడిగాను. ఆమె దాచాలని చూడలేదు. ఇన్నాళ్ళూ నేను అడగలేదు, అంతే.

నాకు ముందు ఒక అక్క పుట్టి పోయిందని తెలుసు. పెళ్ళికాకుండా పోయిన ఆడపిల్లను మా ఇళ్ళల్లో దేవతగా పెట్టుకుంటారు. ఆమె పేరున ఒక వెదురు పెట్టె ఉంటుంది. ఏటా ఆడి నెలలో, అంటే మన ఆషాఢం వేళ, ఒక శుక్రవారం అందులో కొత్త పావడ, గాజులు పెట్టి, దీపం వెలిగించి, భోజనానికి పిలుస్తారు. పెట్టెకు మొక్కుతూ పెరిగాను గాని, ఆ పెట్టెలోని పావడ తొడుక్కునే పిల్ల ఒకతి ఈ ఇంట్లో తిరిగిందని ఎన్నడూ తలవలేదు.

"నువ్వు పుట్టినప్పుడు దానికి తొమ్మిదేండ్లు," అంది అమ్మ. "బడికి పంపిస్తే నిన్నెవరు చూస్తారు? బాసింపట్టేసుకోని, ఒళ్ళో నిన్నేసుకోని ఆ గుమ్మం కాడే కూర్చోనుండేది, నేను వంట చేస్తా మాట్లాడతా ఉండాలని. అచ్చు కాగితం కనపడితే ఇడిచేది కాదురా. పొట్లం కాగితాలన్నీ మడిచి పావడ కింద పెట్టుకునేది. ఇదేమక్షరం, అదేమక్షరం అని పానం తీసేది. నాకేం తెలుసు చెప్పను?" ఒక మట్టిబెడ్డ ఏరి పారేసింది. "జొరమొచ్చింది. పోయింది. నీకప్పటికి పండ్లు కూడా రాలేదు."

"ఇప్పటికీ ఆడనే ఉందంటావా?" తేలిగ్గా అడిగాననుకున్నాను.

"మరి యాడికి పోతాది?" అంది. అన్నం ఉడికిందా అని అడిగినంత మామూలుగా.

నెల తర్వాత కొత్త ప్లాను తయారైంది. నాయన కోరిక మీద వంటిల్లు ఆగ్నేయంలో పెట్టాను. మిగతాది నా చదువు. మధ్య గది నుంచి వంటింటికి బాణంలాంటి దారి పెట్టాను. వాటన్నిటికంటే ముందు గీసింది మాత్రం ఉత్తరం కిటికీతో నా చదువుల గది. అమ్మకు వేలు పెట్టి అన్నీ చూపించాను. ఆమె వేలు ఆ దారి మీద ఆగింది.

"దానికి చోటేదిరా?"

"పెట్టె దేవుడి గూట్లో పెడతాం గదమ్మా."

"పెట్టెకు కాదు. దానికి." అమ్మ కాగితం నా వైపు తోసేసింది. "ఈ ఇల్లు పగలగొడితే అది యాడుంటాది? మాధవరం దానికేం తెలుసు? దానికి చోటు లేని ఇంటికి నేను రాను. మీరు పోండి."

పుస్తకాల్లోంచి చాలా చెప్పాను. అమ్మ విని, అయ్యాక మళ్ళీ అదే మాట అంది. చివరికి రబ్బరు తీసుకుని గోడను చెరిపి, వంటింటి గుమ్మం పక్కన ఒక పిల్ల కూర్చునేంత చిన్న పక్కటిల్లులా లోపలికి నెట్టాను. తిన్నని దారి చెడింది. నాకు దిగులేసింది.

స్థలంలో సున్నంతో గీతలు పోసిన రోజు మేస్త్రీ అక్కడికొచ్చి ఆగాడు.

"ఇదెందుకు సార్? బీరువా పట్టదు, ఫ్రిజ్జు పట్టదు. సుమ్మా, ఊరికే వేస్టు."

"మా అక్క కూర్చుంటుంది," అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో తెలియదు.

"అట్టనా? అయితే అక్కనే వచ్చి చూసుకోమను సార్, సరిపోతాదో లేదో. కట్టినాక నన్ను తిట్టకూడదు."

అమ్మ సున్నం గీతకు ఇవతల నిలబడి, బట్టల కొట్లో పావడ గుడ్డ కొలిచేటప్పుడు పిల్లను చూసినట్టు ఆ జాగాను చూస్తోంది.

"సరిపోతాదిలే అబ్బయ్యా," అంది మేస్త్రీతో.

చూలై వదిలిన పొద్దు సామానంతా బండికెక్కాక అమ్మ పెట్టె చంకన పెట్టుకుని, వెలిగించిన దీపం చేత పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. "రామ్మా, పోదాం," అంది. వెంట వచ్చేవాళ్ళు జడుసుకుంటారని, పిలిచాక వెనక్కి తిరిగి చూడకూడదు. నేను చూడలేదు. నా మెడ మాత్రం మాధవరం దాకా బిగుసుకునే ఉంది. బండిలో అమ్మ తన పక్కన ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

కొత్త ఇంట్లో పెట్టెను ఆ పక్కటింట్లో దించి, దీపం పెట్టి, అమ్మ ఎదురుగా కూర్చుంది.

రోజులు గడిచాయి. ఎవరి నడకా వంగలేదు. నా భార్య వంటింట్లోకి ఆ జాగా అంచు తొక్కుకుంటూనే పోయేది, వచ్చేది. అమ్మ ఒకనాడు పెట్టెను దేవుడి గూట్లోకి మార్చి, ఆ జాగాలోకి కావాలనే అడుగు పెట్టి, అందులో నిలబడి, "లేదు," అంది. నేనూ నిలబడి చూశాను. రెండు ఇటుకల లోతున్న వట్టి మూల. ఇంత చదివినవాణ్ణి, నాకు ఊరట కలగాలి. కలగలేదు. చూలైలో ఎవరో ఉన్నారన్న దానికంటే ఇక్కడ ఎవరూ లేరన్నదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"దారి తెలీలేదు దానికి. ఆ తాళమేసిన ఇంట్లో ఒక్కతే ఉండాది," అని అమ్మ బస్సెక్కి చూలై పోయి, పాత ఇంటి ముందు నిలబడి వచ్చేది. అన్నం కెలికి వదిలేసేది. ఆడి నెల వెళ్ళగానే ఆ ఇల్లు పగలగొడతారని అందరికీ తెలుసు. ఆ లోపల రాకపోతే ఇక రాదని అమ్మ లెక్క.

అమ్మ అడుగు పెట్టనిది ఇంట్లో నా గది ఒక్కటే. సదువుకునేవాడి గదిలో మనకేం పని అనేది. ఆ గది ఊడ్చేది నా భార్య. ఆ రోజుల్లోనే ఒకసారి విసుక్కుంది. "ఏం గదండీ మీది! ఎంత ఊడ్చినా కిటికీ కింద దుమ్ము అట్నే ఉంటాది. చీపురు ఆడికి పోనే పోదు." కొత్త సిమెంటు అంతే, కొన్నాళ్ళు పొడి రాలుతుందని వివరంగా చెప్పాను.

ఆడి నెల ముగిసింది. చూలై పోయి వచ్చిన నాయన చెప్పులు విడుస్తూ, అమ్మ వైపు చూడకుండా అన్నాడు. "పైకప్పు దించేసినారు."

"వంటిల్లు?"

"అదీ పోయింది."

అమ్మ ఏడవలేదు. ఆ మధ్యాహ్నం నా భార్య నీళ్ళకు పోయినట్టుంది, ఏదో ఒక పని కావాలి కాబట్టి అమ్మ కాఫీ కలిపి తానే నా గదికి తెచ్చింది. ఆ గదిలోకి అమ్మ రావడం అదే మొదలు. గుమ్మం నుంచి నా బల్ల దాకా అడ్డమేమీ లేదు. తిన్నగా నడిచొచ్చింది. కిటికీ దగ్గరికి రాగానే పక్కకు తిరిగింది. ఎవరికో తగులుతుందన్నట్టు చీర కుచ్చెళ్ళు దగ్గరికి తీసుకుని, చుట్టి వచ్చి, గ్లాసు బల్ల మీద పెట్టబోయి ఆగింది. కిందికి చూసింది. నేనూ చూశాను.

కిటికీ కింద, పుస్తకాల అరకూ నా కుర్చీకీ మధ్య, వట్టి నేల. దాని చుట్టూ నా కుర్చీ కాళ్ళ గీతలు. కొత్త గచ్చు మీద అన్నీ ఒక్క వైపుకే ఈడ్చుకుపోయి ఉన్నాయి. ఆ అర నాకు కుడి చేతి వైపు రెండడుగుల దూరంలో ఉంటే, దిగిన మొదటి రోజు నుంచీ నేను కుర్చీని ఎడమకు జరిపి, బల్లంతా చుట్టి పోయి పుస్తకం తెచ్చుకుంటున్నాను.

"ఎన్నాళ్ళయిందిరా ఈడికొచ్చి?" గొంతు తగ్గించి అడిగింది.

"తెలీదమ్మా. మొదటి నుంచీ అనుకుంటా."

"సూడు దీన్ని. నేనక్కడ గుమ్మం కాడ కాసుకోనుంటే..." అమ్మ ముఖం నెలల తర్వాత వదులైంది. నేను మాత్రం కుర్చీని ఇంకాస్త ఎడమకు జరుపుకున్నాను. కాఫీ పొగ కిటికీ వైపు పోయి, అక్కడ కాస్త పక్కకు ఒరిగి పైకి లేచింది. ఉత్తరపు గాలి అనుకున్నాను.

అమ్మ గుమ్మం దగ్గర చతికిలబడింది. "ఏం సదువుతుండావు?"

చెప్పాను.

"లోపల్లోపల కాదు. పైకి సదువు."

చదివాను. మొదటి వాక్యానికి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పుట చివరికి వచ్చి తిప్పబోతూ, పక్క నుంచి ఎవరో ఇంకా ఆ చివరి వరుస మీదే ఉన్నట్టనిపించి, వేలు అంచు మీదే ఉంచి ఆగాను. ఎంతసేపు ఆగాలో తెలియలేదు. తర్వాత తిప్పాను.

ఆ పక్కటింట్లో ఇప్పుడు బియ్యం డబ్బా ఉంది. చక్కగా పట్టింది. మేస్త్రీ అన్నట్టు వేస్టు కాలేదు. నేను చదివేది మాత్రం ఆ రోజు నుంచీ పైకే చదువుతాను, ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా. ప్రతి పుట చివరా ఆగుతాను.