నేను ఎత్తబోయిన సంచి

మా ఆయనకు పక్షవాతం వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. డాక్టరు రోజూ నడవమన్నా కుర్చీ వదిలేవారు కాదు. మంచినీళ్లకు కూడా నన్నే పిలిచేవారు. విసుక్కుంటూనే అన్నీ అందించేదాన్ని.

ఒకరోజు రాయపురం బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. ఆమె ఎడమ చెయ్యి వంకరపోయి ఉంది. దిగే ముందు కూరగాయల సంచి ఎత్తలేక తంటాలు పడుతుంటే నేను అందుకోబోయాను.

"వదలమ్మా!" అని కసిరింది. "నాకు స్ట్రోకు వచ్చిండె. నా కూతురు ఇట్నే అన్నీ ఎత్తిచ్చి ఎత్తిచ్చి నన్ను ఆడనే కూర్చోబెట్టేసింది. మళ్లా లేసేదానికి రెండేండ్లు పట్టె."

కండక్టరు తొందరపెట్టినా ఆమె లెక్కచేయలేదు. సంచిని ఆ వంకర చేతికే తగిలించుకుని, ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయింది. సాయం చేయబోతే తిట్టిందని నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంటికి రాగానే ఆయన, "నీళ్లు" అన్నారు.

"వంటింట్లో ఉండాయి. మీరే లేచి తాగండి" అన్నాను.

తిట్టుకుంటూ, గోడ పట్టుకుని వెళ్లారు. సగం నీళ్లు చొక్కా మీదే ఒలికాయి.

"ఇప్పుడు సంతోషమా నీకు?" అని అరిచారు.

మర్నాడు నీళ్ల బిందెను ఇంకో నాలుగడుగులు అవతలికి జరిపాను.