జాబిలి గొంతూ, డాక్టరుగారి రెండు మాటలూ

అది 1996, నవంబరు నెల. దోహాలో అల్ ముంతజాలోని ఒక ప్రైవేటు ఈఎన్‌టీ క్లినిక్‌లో నేను నర్సుగా ఉన్నాను. చెవి, ముక్కు, గొంతు తప్ప మాకు వేరే ప్రపంచం లేదు. దుమ్ముకి ముక్కు దిబ్బడ వేసినవాళ్ళు, చెవిలో దూది మరిచిపోయినవాళ్ళు, ముక్కులో పూసలు దూర్చుకున్న పిల్లలు. నాది తెనాలి. ఊరికే కంగారుపడతానని మా ఆయన దెప్పుతుంటాడు. కంగారు లేని నర్సు ఎందుకూ పనికిరాదని నేనంటాను.

ఒక గురువారం పొద్దున్నే, ముఖం మీద దుపట్టా కప్పుకుని ఒకమ్మాయి వచ్చింది. దుపట్టా తీశాక చూస్తే జాబిలి. ఆ రోజుల్లో ఆమె క్యాసెట్ లేని తెలుగు ఇల్లు మాకు తెలిసినంతలో లేదు. అసలు పేరు అఫ్రోజ్, జగిత్యాల పిల్ల. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో పాడుతూ పాడుతూ ఒక పాప్ క్యాసెట్ చేసింది. అది ఎక్కడికో వెళ్ళిపోయింది. టీవీలో ఆ పాట చూసి సినిమావాళ్ళు హీరోయిన్‌గా తీసుకున్నారు. విడ్డూరం ఏమిటంటే, సినిమాల్లో ఆమెకి పాటలు వేరొకరు పాడేవారు, మాటలు ఇంకొకరు చెప్పేవారు. ఆ గొంతులో యాస ఉందట. ముఖం మాత్రం కావాలి. ఆ సాయంత్రం మా తెలుగు సంఘం కార్యక్రమంలో పాడటానికే ఆమె దోహా వచ్చింది.

"అక్కా, లేసి చూస్తె గొంతు లేదు," అంది గుసగుసగా. "నిన్న రిహార్సల్‌ల గట్టిగ పాడిన."

"గుసగుసలు కూడా వద్దండి, దానివల్లా గొంతు మీద ఒత్తిడే," అన్నాను.

మా డాక్టరుగారిది సూడాన్. భారీ మనిషి, మెత్తటి మాట. ఆయన లారింగోస్కోపీ చేశారు. అంటే పొడుగు కాడ ఉన్న చిన్న అద్దాన్ని వెచ్చచేసి, నోట్లో వెనక్కి పెట్టి, గొంతు లోపల చూడటం. నాలుకని గాజుగుడ్డతో పట్టుకోవడం నా పని. అద్దంలో నాకూ కనిపించింది. గొంతులో శబ్దం పుట్టించే రెండు పొరలని వోకల్ కార్డ్స్ అంటారు. అవి తెల్లగా ఉండాలి. ఒకదాని మీద రక్తనాళం చిట్లి ఎర్రగా కమ్మేసింది.

"వారం రోజులు వాయిస్ రెస్ట్. నోరు మెదపకుండా ఉంటే పూర్తిగా నయమవుతుంది. ఈలోగా పాడితే మచ్చ కడుతుంది, తర్వాత నేనూ ఏమీ చేయలేను," అన్నారు డాక్టరుగారు నాతో, ఇంగ్లీషులో.

నేను ఆమె వైపు తిరిగి, "వారం పాటు మాట లేదు, పాట లేదు. ఇవాళ కార్యక్రమం మానేయాల్సిందే," అన్నానో లేదో, పక్క గదిలో ముక్కులో పూస ఇరుక్కున్న పిల్ల ఒకటే ఏడుపు. అటు పరిగెత్తాను. డాక్టరుగారు ధైర్యం చెప్పడానికి అందరితో అనే రెండు మాటలూ ఆమెతో అంటుంటే వినబడింది. తిరిగి వచ్చేసరికి ఆమె చప్పుడు లేకుండా ఏడుస్తోంది. కార్యక్రమం పోయినందుకు కాబోలు అనుకున్నాను. ఆమె దుపట్టా కప్పుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం డ్యూటీలో ఉండగా సంఘం తరఫున ప్రసాద్ గారు వచ్చారు. అల్ హిలాల్‌లో మా పక్క వీధిలో ఉండే ఇంజనీరు. మనిషి చెమటలు కక్కుతున్నాడు.

"సిస్టర్ గారూ, హాలు నిండిపోయిందండి. గొంతు కాసేపు నిలబడేలా ఆవిడకి ఏదైనా గట్టి ఇంజెక్షన్ ఇప్పించండి."

"నిలబడటం దేనికండీ? పాడొద్దని చెప్పాంగా."

"మేమూ వద్దనే అన్నామండి. ఎలాగూ పోయిన గొంతే కదా, చివరిసారి పాడేసి వెళ్ళిపోతానంటోంది. వినట్లేదు."

పోవడమేమిటి? ఎవరన్నారు? హాలుకి ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది, ఎత్తిన నాథుడు లేడు. డాక్టరుగారు విషయం విని, "యల్లా, పద పద, నువ్వు వెళ్ళు," అని నన్ను తరిమారు.

గురువారం సాయంత్రం, తెల్లారితే శుక్రవారం సెలవు కదా, ప్రతి రౌండెబౌట్ దగ్గరా కార్లు బారులు తీరి ఉన్నాయి. "పిల్లల డాన్సులు అయ్యాక ఆవిడేనండి," అన్నారు ప్రసాద్ గారు. మళ్ళీ కాసేపటికి, "ఈపాటికి అయిపోయుంటాయండి," అన్నారు. ఆ మనిషి నోరు మూసుకుంటే బాగుండుననిపించింది. నా కళ్ళ ముందు ఆ ఎరుపే మెదులుతోంది. ఒక్క పై స్థాయి చాలు, అది మచ్చకట్టి జీవితాంతం ఉండిపోవడానికి.

గ్రీన్ రూమ్‌లోకి దూసుకెళ్ళేసరికి జాబిలి తళుకుల లంగా వేసుకుని, అద్దం ముందు కళ్ళు మూసుకుని శృతి కోసం ఊపిరి తీసుకుంటోంది. వెళ్ళి నోటి మీద చెయ్యి అడ్డం పెట్టేశాను. "ఏయ్ అమ్మాయ్, నోరు ముయ్యి," అన్నాను. సినిమా హీరోయిన్ అన్న సంగతి ఆ క్షణంలో గుర్తే లేదు.

ఆమె నా చెయ్యి తీసేసింది. "ఎందుకు ఆపుతున్నవ్ అక్కా? పోయిన గొంతును దాసుకొని ఏం జేస్త? సిన్మాల మొఖమొక్కటే నాది. స్టేజీ మీదనే నా గొంతు నాది. గీ ఒక్కసారి పాడనియ్యి."

"పోయిందని నీకెవరు చెప్పారు?"

"డాక్టర్ సాబే చెప్పిండు గద. తల అడ్డంగ ఊపుకుంట, 'మాఫీ, ముష్కిల్' అన్నడు. మా ఇంట్ల మాట్లాడే మాటలే, నాకు సమజ్ గాదా?"

నేను అక్కడున్న పెట్టె మీద కూలబడ్డాను. దోహాలో దిగిన మొదటి రోజే ఎవరికైనా పట్టుబడే మాట అది. ఇక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేదు. మాఫీ ముష్కిల్ అంటే ఏ ఇబ్బందీ లేదని. ఆమె ఇంటి దక్కనీ ఉర్దూలో మాఫీ అంటే క్షమాపణ, ముష్కిల్ అంటే కష్టం. క్షమించమ్మా, ఇక కష్టం అని డాక్టరు చేతులెత్తేశాడనుకుంది. పొద్దుటి నుంచీ ఆ మాటని గుండెల్లో పెట్టుకుని తిరిగింది పాపం.

అంతా చెప్పాను. ఆమె తల తిప్పేసుకుంది. "నన్ను ఆపనీకి చెప్తున్నవ్." ప్రసాద్ గారు ఔనండి, నిజమండి అంటే, "మీరంత ఒక్కటే," అంది. అవతల డాన్సులు అయిపోయి చప్పట్లు మొదలయ్యాయి. మైకులో ఆమె పేరు చెబుతున్నారు.

గుమ్మం దగ్గర హాలు కాపలాదారు నిలబడి ఉన్నాడు, యెమెన్ నుంచి వచ్చిన పెద్దాయన. ఏసీ చూపించి, చలి అన్నట్టు సైగ చేసి తగ్గించమన్నాను. "మాఫీ ముష్కిల్," అంటూ తల అడ్డంగా ఊపి తగ్గించాడు. కుర్చీ కావాలన్నాను. "మాఫీ ముష్కిల్," అని తెచ్చి వేశాడు. నీళ్ళు అడిగాను. మళ్ళీ అదే మాట, అదే తల ఊపు, చేతిలో నీళ్ళ సీసా.

జాబిలి ఆయన్నే చూస్తోంది. చూస్తూ చూస్తూ తన నోటి మీద తనే రెండు చేతులూ గట్టిగా పెట్టుకుంది. కళ్ళ కాటుకంతా కారిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు గానీ, శబ్దం మాత్రం బయటికి రానివ్వలేదు. నాకూ ఏడుపొచ్చేసింది.

ప్రసాద్ గారు వెళ్ళి జనానికి ఉన్నమాట చెప్పారు. కొందరు గొణిగారు. అంతలో జాబిలి తన క్యాసెట్ తీసి సౌండ్ వాళ్ళకిచ్చి, పెట్టమని సైగ చేసి స్టేజీ ఎక్కింది. పాట మొదలయింది. ఆమె పెదవులు కదుపుతూ ఆడుతుంటే, నేను తెర పక్కన నిలబడి ఆమె మెడ నరాలే చూస్తూ ఉన్నాను. నరం ఉబ్బితే వెళ్ళి ఈడ్చుకొచ్చేదాన్నే. ఉబ్బలేదు.

వారం తర్వాత ఆమె మళ్ళీ క్లినిక్‌కి వస్తే, అద్దంలో రెండు పొరలూ తెల్లగా కనిపించాయి. "ఆ" అనమంటే జీర లేకుండా వచ్చింది. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఇన్నేండ్లు పరాయి గొంతులకు పెదాలు ఊపిన అక్కా. మొన్న ఫస్ట్ టైమ్ నా గొంతుకే ఊపిన," అంది. డాక్టరుగారు సంతోషంగా చెయ్యి ఎత్తి, "మాఫీ..." అనబోతే, "డాక్టర్, మీరు ఆగండి," అన్నాను.

అప్పటి నుంచీ రోగిని అర్థమైందా అని అడగడం మానేశాను. దానికి అందరూ తల ఊపుతారు. డాక్టరుగారు ఏమన్నారో మీ నోటితో నాకు చెప్పండి అంటాను. కొందరు నవ్వుతారు, కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ. చెప్పేదాకా గుమ్మం దాటనివ్వను.