ఉప్పునీటి సీసా దించిన దినం

సహోదరులారా, సహోదరీలారా, మొన్నటి కూడికలో ఒక బోధకుడు గత్తర సోకిన ఇళ్ళలో ఏదో పాపం దాగి ఉంటుందని చెప్పగా మీలో కొందరు తలలూపారు, నేను ఊపలేదు, ఎందుకంటే పడుచు వయసులో ఆ కలరా నన్ను పట్టినప్పుడు పాపం మా ఇంట్లో దాగి లేదు, అది పట్టపగలు ఊరి బావి గట్టు మీద నిలబడి ఉంది!

నైజాం పాలన పోయిన కొన్నేళ్ళ తర్వాతి మాట. ఆలేరు అవతల మా ఊళ్ళో మా బాపు నీరటి. చెరువు తూము ఎత్తి ఊరందరి పొలాలకు నీళ్ళు పంచేది ఆయన చెయ్యి, కానీ అదే చెయ్యి మంచినీళ్ళ బావిలో చేద వేస్తే బావి మైలపడుతుందట! ఎవరికైనా దయ కలిగి పైనుండి పోస్తారేమోనని మా అమ్మ కుండ పట్టుకొని ఎండలో నిలబడేది. ఆ ఎండాకాలం పోసేవారు కరువై, పసులు దిగే కుంటలో చెలిమ తవ్వి ఆ నీళ్ళే తాగాము.

వాంతులు, విరేచనాలతో ఎండిపోయిన నన్ను ఎడ్లబండి మీద మిషను దవాఖానకు చేర్చారు. కోస్తా నుండి వచ్చిన డాక్టరమ్మ నా నరంలోకి ఉప్పునీటి సీసాలు ఒకదాని వెంట ఒకటి ఎక్కిస్తే ఆగిపోతున్న నాడి మళ్ళీ కొట్టుకుంది. అయితే మూత్రం బొట్టు కూడా రాలేదు, ముఖమూ కాళ్ళూ ఉబ్బాయి, ఊపిరి బరువైంది. ఆమె రక్తం పరీక్ష చేయించి, అందులో క్లోరైడు అనే ఉప్పు భాగం మితిమీరిందని, మూత్రపిండాలు దెబ్బతిన్నాయని చెప్పి సీసా దింపించింది.

"బాయిల నీళ్లియ్యకపోతిరి, సీసల నీళ్లు గూడ గుంజుకుంటున్నరా అమ్మా? అంటరానోళ్లమనేనా?" అన్నాడు మా బాపు.

ఆ మాటకు ఆయనను తప్పుపట్టకండి! జన్మంతా నీళ్ళ దగ్గర నుండి తరిమివేయబడినవాడికి నీళ్ళు ఆపడమే వైద్యమని ఎవరు నేర్పారు? భువనగిరిలో ఒక కాంపౌండరు అడిగినన్ని సీసాలు ఎక్కిస్తాడని ఎవరో చెప్పగా విని, నన్ను తీసుకుపోవడానికి బండి కట్టబోయాడు. ఆ బండి కదిలి ఉంటే ఈ సాక్ష్యం రాసే చెయ్యి మట్టిలో కలిసేది.

డాక్టరమ్మ కోప్పడలేదు. "మీ అబ్బాయిని బతికించింది ఆ నీళ్ళేనండి, ఇక పోస్తే ముంచేవీ అవేనండి. ఎండిపోవడం వల్ల మూత్రపిండాలు చెడిపోయాయో, ఆ ఉప్పే చెడగొట్టిందో నేను చెప్పలేను. ఇంకా ఉప్పు పోయకూడదని మాత్రం తెలుసు" అన్నది. బాపుకు నమ్మకం కుదరలేదు. అప్పుడు గోడకు ఆనుకొని కూర్చున్న మా అమ్మ ఆయన వైపు చూడకుండానే అన్నది: "నీరటోనివి గదా, ఎల్లే తొవ్వ లేని మడికి నీళ్లిడుస్తవా? ఉప్పు తేలి చౌడు వట్టి సావదా?"

ఆయన చేతిలోని పగ్గం వదిలాడు. నా మంచం పక్కన మోకరించి, గొంతు తగ్గించకుండా, కొట్లాడుతున్నట్టుగా ప్రార్థించాడు: "ప్రభువా, ఊరందరి పొలాలకు నీళ్లిడిసిన చేతులివి. ఒక్కనాడు నీకు పని చెప్పలే. ఇయ్యాల చెప్తున్న. నా కొడుకు కడుపులకెల్లి నీళ్లిడువు."

చుట్టూ ఉన్న రోగులు నవ్వారు, మూత్రం కోసం దేవుణ్ణి పిలిచేవాడిని ఎన్నడూ చూడలేదట! గుక్కెడు నీళ్ళతో గొంతు తడుపుకుంటూ నేను రోజులు గడిపాను, డాక్టరమ్మ రక్తం చూస్తూనే ఉంది, చివరకు ఒక ఉదయం కొద్దిగా, ఆ మరునాడు ధారగా మూత్రం వచ్చింది, ఆ చప్పుడు విని మా బాపు చేతులెత్తి ఏడ్చాడు, దేవునికే మహిమ!

నేను ఇంటికి వచ్చిన మరునాడే మా అమ్మ మళ్ళీ కుండ పట్టుకొని అదే గట్టు కింద నిలబడింది. చాలా ఏళ్ళు నిలబడింది. అందుకే నాకు ఇప్పటికీ కోపమే, పరిశుద్ధుడిననిపించుకోవడానికి కోపం లేదని అబద్ధం రాయను. నన్ను స్వస్థపరచిన ప్రభువుకు దినదినమూ స్తోత్రం చెల్లిస్తాను, ఆ కోపాన్ని కూడా ఆయన ముందే పెడతాను. మంచం పట్టినవారలారా, మంచం పక్కన కూర్చున్నవారలారా, మనసు చల్లబడ్డాక ప్రార్థిద్దామని ఆగకండి! మా బాపు ప్రార్థనలో బతిమాలే మాట ఒక్కటి లేదు, అయినా ప్రభువు విన్నాడు. కోపంతోనే రండి, ఆయనను నమ్మి రండి.