అద్దం వెనక ముత్యాలమ్మ బొంత

ములకలపల్లిలో ముత్యాలమ్మ కుట్టిన బొంత లేని ఇల్లు తక్కువ. ఆమె భర్త జోజి బొగ్గుబాయిలో పనిచేసి, రిటైరైన రెండేళ్లకే పోయాడు. ఆ ఏడాది ఆమె ఇంట్లో ఉన్న పాత చీరలన్నీ కలిపి ఓ పెద్ద బొంత కుట్టింది. చుట్టూ ఎర్ర అంచు, నడుమ పసుపు ముక్కలతో పొద్దుతిరుగుడు పువ్వు. ఎవరెంత అడిగినా దాన్ని ఇవ్వలేదు.

పద్మప్రియ అడిగితే ఇచ్చింది. పద్మప్రియ ఖమ్మంలో లెక్చరర్. పాత కుట్టుపనుల మీద పరిశోధన చేస్తూ నాలుగేళ్లు ఆ ఇంటికి వచ్చిపోయింది. "పెద్దమ్మా" అంటూ పొయ్యి దగ్గరే కూర్చుని అన్నం తినేది. "ఫోటోలు తీసుకుని వారంలో ఇస్తా" అని బొంత పట్టుకెళ్లి, నెల తర్వాత ఏడుస్తూ వచ్చింది. భద్రాచలంలో స్నేహితురాలింట్లో పెడితే గోదావరి నీళ్లొచ్చి పాడైపోయిందంది.

"పోతే పోయింది బిడ్డా, నువ్వు ఏడ్వకు" అని ముత్యాలమ్మే ఆమె కళ్లు తుడిచింది.

మూడేళ్లు గడిచాయి. మొన్న జనవరిలో చర్చి ఆడవాళ్లంతా బస్సు మాట్లాడుకుని హైదరాబాద్ పోయారు. పొద్దున ఒక మ్యూజియంలో రాతి విగ్రహాలు, కత్తులు చూశారు. మధ్యాహ్నం ఇంకో మ్యూజియం, ఎప్పటిదో నవాబు మేడ. పై అంతస్తులో రాజుల పటాలు దాటి బట్టల గదిలోకి రాగానే ముత్యాలమ్మ ఆగిపోయింది. అద్దం వెనక ఆమె బొంత వేలాడుతోంది. దాని మీద నీటి మరక ఒక్కటి లేదు.

"ఏంజెల్, ఆ చీటీ మీద ఏం రాసిండ్రు?"

కోడలు చదివింది. "పద్మప్రియ సేకరణ. ఖమ్మం ప్రాంతం. కుట్టినవారి పేరు తెలియదు."

ముత్యాలమ్మ ఆ చీటీని ఇంకోసారి చదివించుకుంది. ఏంజెల్ పద్మప్రియకు ఫోన్ కలిపి ఇచ్చింది. ముత్యాలమ్మ సంగతి చెప్పింది.

"మీ ఇంట్లో ఉంటే ఎలుకలు కొట్టేవి పెద్దమ్మా. అక్కడైతే వందేళ్లు ఉంటుంది."

"అడిగితే నేనే ఇద్దును గద బిడ్డా. గోదావరి మీదికి ఎందుకు నెట్టినవ్? నా పేరు నీకు తెల్వదా?"

"పేరు రాస్తే మీ సంతకం అడుగుతారు..."

ముత్యాలమ్మ ఫోన్ కోడలి చేతిలో పెట్టేసింది.

అప్పుడే ఇద్దరూ మ్యూజియం ఆఫీసరు సారంగపాణి గదికి వెళ్లారు.

"మీదేనని ఎట్లా నమ్మాలమ్మా?" అన్నాడాయన.

"లోపలి పొరలో మా ఆయన డ్యూటీ చొక్కా ఉంది సార్. ఎవ్వరికీ చెప్పలే. జేబు మీద ఆయన నంబర్ నేనే దారంతో కుట్టిన" అని ఆ నంబర్ కూడా చెప్పింది.

రెండు వారాల తర్వాత ఆమెను పిలిపించి, ఎదురుగానే అంచు విప్పారు. చొక్కా ఉంది. నంబర్ ఉంది. సారంగపాణి తలవంచుకుని క్షమించమన్నాడు. పేరు రాస్తాం, ఇక్కడే ఉంచమన్నాడు. ముత్యాలమ్మ ఒప్పుకోలేదు. బొంత మడిచి సంకన పెట్టుకుని బస్సెక్కింది.

పద్మప్రియ మళ్లీ రాలేదు, ఫోనూ చేయలేదు. అత్తమ్మ ఆ ఫోన్ కోసం చాన్నాళ్లు ఎదురుచూసిందని ఏంజెల్‌కు తెలుసు.

మార్చిలో అరుణశ్రీ అనే కాలేజీ పిల్ల బొంతలు చూస్తానని కొత్తగూడెం నుంచి వచ్చింది. ముత్యాలమ్మ ఆమెను అరుగు మీదే కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. బొంతల పెట్టె మాత్రం తెరవలేదు.

పిల్ల వెళ్లిపోయాక ఏంజెల్ అడిగింది. "పాపం, ఆమె ఏం చేసింది అత్తమ్మా?"

"అవ్, ఏం చెయ్యలే" అంది ముత్యాలమ్మ. చాయ్ గ్లాసు తీస్తూ, "పద్మ గూడ గట్లనే కూసునేది, నవ్వుకుంట" అంది.