నెక్కొండ పెండ్లి ఎట్ల ఆపాలె?

నేను టీవీ సీరియల్ రాస్త. షూటింగ్ హైదరాబాద్‌ల, రాసుడు మాత్రం హన్మకొండల మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద. మా అత్తమ్మకు సీరియల్ అంటే పడదు. "అన్ని అబద్ధాలు, ఏడ్పులు. పనిలేనోళ్లు రాస్తరు, పనిలేనోళ్లు చూస్తరు" అంటది, రాసే కోడలి ముంగటనే! అందుకే నేనో ఉపాయం పట్టిన. ఏ సీనైనా రాసే ముందు నిజంగ జరిగినట్టే ఆమెకు చెప్త. "మా ఫ్రెండు వాళ్ల చుట్టాలల్ల ఏమైందో తెల్సా అత్తమ్మా?" అని మొదలువెడ్త. చిక్కుడుకాయ తెంపుకుంటనే విన్నదంటే సీన్ ఫెయిల్. చెయ్యి ఆగిందా, పాస్.

ఈసారి వచ్చింది మామూలు గండం కాదు. రేటింగ్ పడిపోయింది, పెండ్లి ఎపిసోడ్ల వారంల రేటింగ్ లేవకపోతే సీరియల్ బంద్ అని ఛానల్ సారు చెప్పిండు. సీరియల్ బందయితే నా నౌకరీ బందే. కథల మా హీరోయిన్ రేపోమాపో పీటల మీద కూసుంటది. పెండ్లికొడుకుకేమో స్టేషన్ ఘన్‌పూర్‌ల ఇంకో పెండ్లాం! ఈ పెండ్లి ఎట్ల ఆపాలె? ఎవరో ఉరికొచ్చి "ఆపండి!" అని ఒర్రుడు వద్దన్నడు సారు. "అందరు రాసిందే కద మేడం, జర కొత్తగ రాయండి" అన్నడు. నా బుర్రల ఏం తడ్తలేదు.

పొద్దుమూకంగ అత్తమ్మకు చెప్పిన. "నెక్కొండల ఒక పిల్ల అత్తమ్మా. రేపే పెండ్లి. వానికి ఘన్‌పూర్‌ల ముందే పెండ్లయిందట. పాపం, పిల్లకు తెల్వది."

చెయ్యి ఆగుడేంది, చిక్కుడుకాయల గిన్నెనే పక్కకు జరిపింది. "రేపేనా? ఏ హాల్ల?"

"ఏమో, స్టేషన్ దగ్గరనట" అన్న. లోపల నాకు ఒకటే సంబురం, సీన్ ఫస్ట్ క్లాస్‌ల పాస్ అని.

తెల్లారి చూస్తే అత్తమ్మ లేదు. బీరువల పట్టుచీర లేదు. అత్తమ్మ దోస్తు, పక్కింటి ఖాలా ఇంటికి సుత తాళం. ఫోన్ చేస్తే ఇద్దరు ఎత్తుతలేరు. ఆఖరికి ఖాలానే చేసింది, వెనుక బ్యాండు మోగుతాంది.

"బేటీ, ఫికర్ చెయ్యకు. పుష్‌పుల్ రైలెక్కి నెక్కొండకొచ్చినం. స్టేషన్ దగ్గరి హాల్ల పెండ్లి దొరికింది. మీ అత్తమ్మ పెండ్లిపిల్ల రూముల ఉన్నది. నేను పెండ్లికొడుకును పట్టుకున్న."

"పట్టుకున్నవా!"

"చెయ్యి పట్టుకొని కూసున్న. ఘన్‌పూర్‌ల నీకెవరున్నరు బేటా అని అడుగుతాన్న. మేనత్త ఉన్నదంటాండు."

"ఇడిచిపెట్టు ఖాలా, నీ కాళ్లు మొక్కుత! అది సీరియల్! నేనే కల్పించిన! అత్తమ్మకియ్యి ఫోన్!"

అత్తమ్మ లైన్‌లకు వచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పిన. ఇయ్యాల నా తోలు తీస్తది అనుకున్న.

"అబద్ధమేనా?" అన్నది. "హమ్మయ్య! బతికించినవ్ బిడ్డా. రాత్రంత ఆ పిల్లే కండ్లల్ల మెదిలింది."

ఇద్దరు పెండ్లి భోజనం చేసి, సాయంత్రం లడ్డూల సంచితోని దిగిండ్రు. పెండ్లోళ్లే బలవంతంగ కట్టిచ్చిండ్రట! నవ్వి నవ్వి నాకు కడుపునొప్పి లేచింది.

"ఇంతకు పిల్ల రూముల ఏంజేసినవ్ అత్తమ్మా?"

"ఏంజేస్త? పొద్దటిసంది ఏం తినలేదట, మొఖం వాడిపోయింది. జరంత ఉప్మా తినవెట్టిన. 'ఈ పెండ్లి నీకు ఇష్టమేనా బిడ్డా?' అని అడిగిన. ఇష్టమే పెద్దమ్మా అని సిగ్గువడ్డది. ఇగ నాకేం పని?"

నా నవ్వు ఆగిపోయింది. ఇన్నేండ్లల్ల మా హీరోయిన్ని అందరు తిట్టిండ్రు, ఏడిపిచ్చిండ్రు, దవాఖానల పండవెట్టిండ్రు. నీకు ఇష్టమేనా అని అడిగినోళ్లు ఒక్కలు లేరు. రాసేదాన్ని, నేను సుత అడగలే. లడ్డూ చేతులతోనే ఉరికిపోయి రాయవట్టిన.

ఆ సీన్ వచ్చిననాడు అత్తమ్మను, ఖాలాను టీవీ ముంగట కూసోవెట్టిన. తెరమీద ముక్కు మొఖం తెల్వని ఒక పెద్దమ్మ పెండ్లిపిల్ల రూములకు పోయింది. నోట్లె ముద్ద పెట్టి అదే మాట అడిగింది. మా హీరోయిన్ నమిలింది, మింగింది, తల అడ్డంగ ఊపింది. "ఇష్టం లేదు."

ఇదంత అబద్ధమని తెల్సిన అత్తమ్మనే దిగ్గున లేచింది. టీవీ దిక్కు చెయ్యి చాపి, "లే బిడ్డా, పోదాం పా" అన్నది.

సీరియల్ నిలబడ్డదని ఛానల్ సారు తర్వాతెప్పుడో ఫోన్ చేసిండు. నాకు మాత్రం ఆ నిమిషంలనే తెల్సిపోయింది.